తలుపు లేని బొమ్మ

గడ్డకట్టిన శంఖవాహినీ నది మీద కణుజుల బండి దూసుకుపోతోంది. ఆ బండికి చక్రాలు లేవు. అడుగున నున్నగా చెక్కిన దుంగలు రెండు, వాటి మీద తోలు పరిచిన తట్ట. ముందర ఎండుకొమ్మల్లాంటి కొమ్ములు మోస్తూ రెండు కణుజు దుప్పులు నురగలు కక్కుతూ పరుగెడుతున్నాయి. పగ్గాలు తుయ్యమ్మ చేతిలో ఉన్నాయి. ముసలిది. మొహం ముడతలు పడ్డ తోలుసంచీలా ఉంటుంది గాని చేతులు మాత్రం ఇనపకమ్మీలు. ఆమె వెనక మూటలా ముడుచుకు కూర్చున్నవాడు పోలన, కుంకుమగిరి రాజుగారి ఆస్థాన చిత్రకారుడు.

"కాళ్ళు లోపలెట్టుకోరా బొమ్మలోడా! ఊడి కిందడితే ఏరుకోడానికి నాను దిగను," అంది తుయ్యమ్మ వెనక్కి చూడకుండా.

పోలన కాళ్ళు ముడుచుకున్నాడు. బయలుదేరిన దగ్గర్నుంచీ ఆమె తిడుతూనే ఉంది, అతను పడుతూనే ఉన్నాడు. పడక ఏం చేస్తాడు? ఆమె కొడుకు జంగు గుడారంలో కొయ్యబారి పడి ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది, అంతే. అందుకు కారణం పోలన వేసిన బొమ్మ.

వెనకటి ఏడు రాజుగారి సెలవు తీసుకుని పోలన ఒంటరిగా ఈ ఉత్తర కాంతారానికి వచ్చాడు. మంచులో దారి తప్పి చావబోతుంటే, కణుజులు కాచుకునే జంగు అతన్ని భుజాన వేసుకుని గుడారానికి చేర్చాడు. చలికాలమంతా తిండి పెట్టాడు. అడవంతా తిప్పి చూపించాడు. పోలన తాను చూసిన తెల్ల ఎలుగునూ, తోళ్ళ వేటగాళ్ళనూ, జంగునూ బొమ్మలు వేసుకున్నాడు. ఒక్కో మనిషి బొమ్మ కింద ఒక్కో మాట రాశాడు. తాను పడ్డ పాట్లన్నీ కథగా కూర్చి, బొమ్మలతో సహా గ్రంథం కట్టాడు. రాజధానిలో ఆ గ్రంథాన్ని పల్లకీలో ఊరేగించారు.

తర్వాత ఎవడో యాత్రికుడు వచ్చాడు. రాజుగారి గ్రంథాలయంలో ఆ పుస్తకం ముందు కూర్చున్నాడు. కాపలావాడు కన్ను తిప్పి చూసేసరికి యాత్రికుడూ లేడు, పుస్తకమూ లేదు. వాడు హిమదంష్ట్రుడు. ఉత్తర కాంతారం చివర మంచుగుహలో కాపురముండే మాంత్రికుడు. పుస్తకం వాడి చేతిలో పడీ పడగానే ఇక్కడ జంగు, కణుజు మెడకు పగ్గం ముడివేస్తూ వేస్తూ, ముడి చేతిలో ఉండగానే బిగుసుకుపోయాడు.

కబురు తెలిసి పోలన పరుగెత్తుకు వచ్చాడు. పొద్దున గుడారంలో జంగు పెదవులు చూశాడు. బొమ్మలో ఆ పెదవులకు తాను ఇంగిలీకం ఎరుపు వేశాడు. ఇప్పుడు ఆ ఎరుపు నిజం పెదవుల్లోంచి దిగిపోతోంది. అది పూర్తిగా తెల్లబడిన క్షణాన జంగు ఇక లేనట్టేనని గుడారంలో పెద్దలంతా అన్నారు. తుయ్యమ్మ లేచి బండి కట్టింది.

ఉత్తర దిక్కున సూర్యుడు పైకెక్కడు. పండిన గుమ్మడికాయలా నేల అంచున దొర్లుతూ ఉంటాడు. ఆ వెలుతురులో మంచుకొండలు కెంపులు తాపిన కిరీటాల్లా మెరుస్తున్నాయి. ఒడ్డున దేవదారు చెట్లు వెండి జలతారు కప్పుకుని కొలువుకు వచ్చిన రాణుల్లా వరసకట్టి నిలబడ్డాయి. నది గడ్డ కింద ఎక్కడో నీరు కదిలితే, వీణ తీగ మీద గోరు పడ్డట్టు సన్నగా మోగుతోంది. వెనకటిసారి ఈ అందం చూసే పోలన మతి పోగొట్టుకున్నాడు. ఈసారి కళ్ళకు ఆనుతోంది గాని లోపలికి దిగడం లేదు.

ఒక్కసారిగా కణుజులు రెండూ ముందుకాళ్ళెత్తి అరిచాయి.

ఎడమవైపు మంచుదిబ్బ పగిలింది. అందులోంచి తెల్ల ఎలుగు లేచింది. ఏనుగు గున్నంత ఉంది. గోళ్ళు కొడవళ్ళు. గర్జించదు, గురకపెట్టదు. చప్పుడు లేకుండా బండి మీదికి వస్తోంది.

"ఒరే, ఈటె!" అని తుయ్యమ్మ అరిచింది.

పోలన ఈటె విసిరాడు. అది ఎలుగు చెవి పక్కనుంచి పోయి మంచులో దిగబడింది. ఎలుగు పంజా విసిరితే బండి వెనక తట్ట సగం ఎగిరిపోయింది. పోలన మిగిలిన తట్ట అంచు పట్టుకుని వేలాడాడు. ఎలుగు నోరు అతని మొహానికి చేరువగా తెరుచుకుంది. అప్పుడు చూశాడు. అంత చలిలో కణుజుల నోట ఆవిరి, తుయ్యమ్మ నోట ఆవిరి, తన నోట ఆవిరి. ఎలుగు నోట ఆవిరి లేదు. దానికి ఊపిరే లేదు. ఒంటి చుట్టూ సన్నటి నల్ల గీత ఉంది. ఆ గీత తనది!

"అవ్వా! ఇది నా ఎలుగు! నేను వేసిన బొమ్మ!"

"నీ బొమ్మయితే నివ్వే ముద్దెట్టుకో! నన్నేటి సెయ్యమంటావు?"

"కుడిపక్కకు తిప్పు! దాని కుడిపక్కకు! ఆ వైపు దానికి కన్ను లేదు!"

కుంకుమగిరి చిత్రకారులది ఒక పద్ధతి. మనిషినైనా మృగాన్నైనా పక్కవాటుగానే వేస్తారు. ఒక కన్ను, ఒక చెవి. రెండో కన్ను చూసేవాడి మనసులో ఉండాలని గురువులు చెబుతారు. ఎలుగును పోలన ఎడమవాటుగా వేశాడు. కాబట్టి ఈ ఎలుగుకు ఉన్నది ఎడమ కన్నే. కుడివైపు ఉత్త తెల్లటి గోడ.

తుయ్యమ్మ మారు అడగలేదు. పగ్గాలు గుంజింది. బండి ఒక్క దుంగ మీద లేచి, గిర్రున తిరిగి, ఎలుగు కుడిపక్కకు వచ్చింది. ఎలుగుకు ఎదురుగా బండి మాయమైంది. అది తల తిప్పి వెతకలేదు. తల తిప్పడం ఆ బొమ్మలో లేదు. ముందుకు చూస్తూ ముందుకే పోయింది. నది నడిమిన గడ్డ పలచబడి నీలంగా కనిపిస్తున్న చోట కాలు పెట్టింది. పెళపెళా విరిగింది. ఎలుగు మునిగింది. నీటి మీద సుద్ద తెలుపు చారలుగా తేలి, కరిగిపోయింది.

బండి ఆగింది. పోలన ఆ తెల్లటి చారల వైపే చూస్తున్నాడు. దూరాన కొండల్లోంచి ఒక అరుపు వచ్చింది. నిజం ఎలుగు అరుపు. ఒక్కటే. మళ్ళీ రాలేదు.

"సచ్చిపోనాదా?" అంది తుయ్యమ్మ.

"పోయింది. బొమ్మ కరిగింది కదా. దానితో పాటు అదీ..." అన్నాడు పోలన.

తుయ్యమ్మ మొదటిసారి వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది.

"అయితే నా కొడుకు బొమ్మ గానీ ఎదురొచ్చిందంటే, ఈటె ఎత్తకు. తెలిసిందా? నన్ను పొడిసినా సరే, నిన్ను పొడిసినా సరే."

"ఎత్తను, అవ్వా."

"మాటిచ్చినావా? నీ మాటకి నా కాడ ఇలువ లేదు గానీ, ఇయ్యి."

అతను తల దించుకున్నాడు. ఆమె ఏ మాట గురించి అంటోందో అతనికి తెలుసు. కణుజువాళ్ళు అసలు బొమ్మలు వేయనివ్వరు. వేస్తే, బొమ్మ చుట్టూ నాలుగువైపులా గీసే అంచులో ఎక్కడో ఒక సందు వదలాలి. దాన్ని తలుపంటారు. తలుపు ఉంటే బొమ్మలోకి పోయిన ప్రాణం తిరిగి వస్తుంది. ఆ రోజు జంగు నవ్వుతూ కూర్చుని బొమ్మ వేయించుకున్నాడు. 'తలుపు మరిసిపోకు పోలన్నా' అన్నాడు. పోలన సరేనన్నాడు. సందు వదిలాడు కూడా. కాని కుంకుమగిరికి వెళ్ళాక చిత్రశాలలో పెద్దలు ఆ బొమ్మ చూసి, అంచు మూయని బొమ్మ రాజుగారి ముందు ఎలా పెడతావయ్యా, పని రానివాడు వేశాడంటారు, అని నవ్వారు. పోలన కుంచె తీసుకుని సందు మూసేశాడు. అంతటితో ఊరుకున్నాడా? కుంకుమగిరి ఆచారం ప్రకారం కింద మూలన చేతులు జోడించుకున్న తన బొమ్మ గోరంత వేసుకుని, 'దాసుడు పోలన' అని రాసుకున్నాడు.

"గుహలోకి పోయి జంగు బొమ్మకు అంచు గీకేస్తాను. తలుపు తెరుస్తాను," అన్నాడు.

తుయ్యమ్మ నడుముకున్న ఎముక చాకు తీసి అతని ఒళ్ళో పడేసింది. "మావోల్లం బొమ్మని సేత్తో ముట్టుకోం. నివ్వే గియ్యి, నివ్వే గీకు. పద."

గుహ ముంగిటికి చేరేసరికి సూర్యుడు అంచు మీదే దొర్లుతూ పడమటికి వచ్చాడు. బండిని దేవదారుల మాటున కట్టేశారు. ఎదురుగా కొండ కొండంతా మంచు. అందులో తొలిచిన ద్వారం మూడు తాటిచెట్ల ఎత్తు. ద్వారానికి తోరణంగా మంచుకణికలు కత్తుల్లా వేలాడుతున్నాయి. గాలి వీస్తే అవి ఒకదానికొకటి తగిలి గాజుల గలగల చేస్తున్నాయి. ద్వారానికి అటూ ఇటూ ఇద్దరు తోళ్ళ వేటగాళ్ళు బల్లేలతో నిలబడ్డారు. బుంగమీసాలు, నక్కతోలు టోపీలు. పోలన వాళ్ళనూ గుర్తుపట్టాడు. ఒకళ్ళకెదురుగా ఒకళ్ళను, జంటగా, తానే వేశాడు. ఇద్దరికీ చెరో కన్ను. ఆ రెండు కళ్ళూ ద్వారం నడిమినే ఉన్నాయి. గుడ్డిపక్క నుంచి దూరడానికి వీల్లేదు.

"మనమూ బొమ్మలమైపోవాలి," అన్నాడు.

"ఏటన్నావు?"

"నల్లగీత గీసుకుని, ఒకే పక్క కనపడేట్టు నడవాలి. ఒక కన్ను మూసుకోవాలి. ఊపిరి బయటికి రాకూడదు. బొమ్మకు ఊపిరుండదు."

"రంగు నా ఒంటికి తగిలిందంటే నీ మెడ ఇరుత్తాను," అంది తుయ్యమ్మ. ఆ మాట అంటూనే ద్వారం వైపు చూసింది. "సరే, కానియ్యి. మడమ కాడ మాత్రం సందు ఇడిసిపెట్టు. అక్కడా మూసీకు."

పోలన కోటు లోపలినుంచి సిరాబుడ్డి తీశాడు. ఉత్తరాన బయట పెట్టిన సిరా రెప్పపాటులో రాయి అవుతుంది. అందుకని ఒంటికి ఆనించి దాచుకుంటాడు. కుంచెను రెండు మూడు గీతలకొకసారి నోటి దగ్గర పెట్టుకుని ఊపిరి ఊదుతాడు. కిందటేడు అలా ఊది ఊదీ పెదవులు నల్లబడ్డాయి. ఇప్పుడూ హా, హా అని ఊదుతూ తుయ్యమ్మ టోపీ అంచునుంచి కోటు అంచు దాకా గీత లాగాడు. మడమ దగ్గర ఆపేశాడు. తనకూ గీసుకున్నాడు.

"ఎలా ఉన్నాను?" అంది తుయ్యమ్మ ఒంటికన్ను మూసి.

"బాగున్నావు."

"అబద్దాలాడకు. మొహాన మసి పూసుకున్న దొంగలా ఉండుంటాను."

కోట్ల మెడల్లోకి ముక్కులు దూర్చి, ఎండ్రకాయల్లా పక్కవాటున నడుస్తూ ద్వారంలోకి అడుగుపెట్టారు. వేటగాళ్ళ చెరో కన్ను వాళ్ళ మీద వాలింది. బల్లేల నడిమికి వచ్చారు. దాటుతున్నారు. సరిగ్గా అప్పుడు తుయ్యమ్మ కోటు మెడ జారింది. సన్నటి ఆవిరి పోగు ఒకటి బయటికి వచ్చి గాలిలో నిలబడింది.

కుడివైపు వేటగాడి నోరు తెరుచుకుంది. "ఇటు దారి లేదు. వెనక్కి పోండి," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. కాగితం చదివినట్టుంది. ఎడమవాడు కూడా అదే మాట అదే గొంతుతో అన్నాడు. వాళ్ళ బొమ్మ కింద పోలన రాసిన మాట అది. అంతకుమించి వాళ్ళకు మాట లేదు. బల్లేలు పైకి లేచాయి.

"పరుగెత్తు!" అన్నాడు పోలన.

ఇద్దరూ లోపలికి ఉరికారు. బల్లెం ఒకటి పోలన టోపీని ఎగరగొట్టి మంచుగోడలో దిగింది. వేటగాళ్ళు తిరిగి చూడలేదు. ఎదురెదురుగా నిలబడి, ఖాళీ గాలితో, "ఇటు దారి లేదు, వెనక్కి పోండి," అంటూనే ఉన్నారు. ఆ మాట సొరంగంలో చాలాదూరం వెంటపడింది.

లోపల దారులు చీలిపోయాయి. ఏది చూసినా ఒకటే. గోడలు అద్దాల్లా ఉన్నాయి. ఎటు తిరిగినా తమ మొహాలే కనిపిస్తున్నాయి. పోలన ఎటు పోవాలో తెలియక నిలబడ్డాడు.

"మంచులో నా వెనకే రా. అడుగులో అడుగెయ్యి," అని ముందునుంచి ఒక గొంతు వినిపించింది.

తుయ్యమ్మ కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. సొరంగం మలుపులో జంగు నిలబడి ఉన్నాడు. భుజాన పగ్గం, నడుముకు గొడ్డలి, పెదవి మీద సగం నవ్వు. ఆ నవ్వు వేయడానికి పోలన మూడు కుంచెలు మార్చాడు.

"నాయనా!" అంది తుయ్యమ్మ.

"మంచులో నా వెనకే రా. అడుగులో అడుగెయ్యి," అన్నాడు జంగు. తిరిగి నడిచాడు.

"అవ్వా, వద్దు! వాడు కాదు. మాంత్రికుడు పంపిన ఎర!"

"తెలుసురా. నాకు తెలీదేటి?" అంది తుయ్యమ్మ. కళ్ళు తుడుచుకోలేదు. కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టాయి. "అయినా ఆ గొంతు ఎనకాల నాను ఎల్లకుండా ఉండలేను." అడుగులో అడుగేస్తూ వెళ్ళింది. పోలనకు ఇంకో దారి కనపడలేదు. ఆమె వెనకే నడిచాడు.

సొరంగం ఒక మహామందిరంలోకి తెరుచుకుంది. పైకప్పు ఎక్కడుందో తెలియదు. స్తంభాలు పాలరాతివి కావు, పడుతూ పడుతూ గడ్డకట్టిన జలపాతాలు. నేల మీద నీలి మంటలు వేడి లేకుండా వెలుగుతున్నాయి. ఎదుటి గోడ నిండా పోలన గ్రంథం పుటలు. ఒక్కొక్కటీ చింపి మంచులోకి అద్ది ఉంది. ఎలుగు పుట ఖాళీ. వేటగాళ్ళ పుటలో ఇద్దరి ఆకారాల చోట తెల్లటి గుంటలు. జంగు పుటలోనూ అంతే, నడుమ గుంట, చుట్టూ నల్లటి అంచు, కింద మూలన గోరంత పోలన చేతులు జోడించుకుని.

జంగు బొమ్మ ఆ పుట పక్కన నిలబడిపోయింది. నిజం పెదవుల్లాగే దీని పెదవులూ దాదాపు తెల్లబడ్డాయి. ఎక్కడో చివర కాస్త ఎరుపు మిగిలింది.

పోలన ఆగలేదు. ఎముక చాకు తీసి గోడ మీదికి ఉరికాడు. అంచు మీద చాకు మొన పెట్టి గీకాడు. తుమ్మబంక కలిపిన సిరా అది. గట్టిగా పట్టుకుంది. నల్లపొడి రాలింది. మళ్ళీ గీకాడు. గీత సగం పలచబడింది.

"గీకరా, గీకు!" అంది తుయ్యమ్మ.

ఇంకొక్క గీకుడు. చాకు కదల్లేదు. చేయి కదల్లేదు. పోలన తన చేతులను చూసుకున్నాడు. అవి వాటంతటవే దగ్గరికి వస్తున్నాయి. రెండు అరచేతులూ ఒకటికొకటి అతుక్కున్నాయి. చాకు జారి మంచులో పడింది. అతను గోడ ముందు చేతులు జోడించుకుని కొయ్యబారాడు.

మరుక్షణం అతను తన ఒంటిని బయటినుంచి చూశాడు. ఒంటికన్నుతో. తాను పక్కన నిలబడి ఉన్నాడు, చుట్టూ నల్లగీతతో, రొమ్ములో ఊపిరి లేకుండా. మూలన ఉన్న గోరంత బొమ్మ మనిషంత ఎదిగి బయటికి వచ్చింది.

మందిరం అదిరేట్టు నవ్వు వినిపించింది. స్తంభం వెనకనుంచి హిమదంష్ట్రుడు వచ్చాడు. నీలంగా, పొడుగ్గా, చలికి చచ్చినవాడి ఒంటిరంగు. గడ్డం మంచుకణికలు. నోట ఆవిరి లేదు. వాడు ఊపిరి మానేసి ఎంతకాలమైందో ఎవరికీ తెలియదు.

"ఓరీ చిత్రకారా! వచ్చావా? గోరంత బొమ్మ, అంత దూరాన్నుంచి పట్టు చిక్కలేదు. అందుకే నీ నేస్తాన్ని ఎరవేశాను. నా కొలువులో ఎందరు చిత్రకారులు బొమ్మలు వేశారో తెలుసునా? ఒక్కటీ ప్రాణం పట్టలేదు. నీ చెయ్యి పట్టింది. కణుజు జాతి మొత్తాన్ని నీ చేత గీయిస్తాను. ఆ తరువాత నీ రాజును. ఇక చెప్పు, నీవెవడివి?"

పోలన ఛీ అనబోయాడు. తూ అనబోయాడు. నోట్లోంచి వచ్చింది వేరు.

"దాసుడు పోలన."

హిమదంష్ట్రుడు పగలబడి నవ్వాడు. కొయ్యబారిన పోలన కోటులోంచి సిరాబుడ్డి లాగి, కుంచె లాగి, బొమ్మ పోలన చేతికిచ్చాడు. ఖాళీ కాగితం మంచుపీట మీద పరిచాడు. "ముందు ఈ ముసలిదాన్ని గియ్యి."

తుయ్యమ్మ పారిపోలేదు. రెండడుగులు ముందుకు వేసి, రాలిపడ్డ చాకు మీద కాలు పెట్టి నిలబడింది.

"గియ్యిరా. ముసిల్దాని మొకం ఎవుడికి కావాలి గానీ, గియ్యి. నా కొడుకు ఉన్న కాడే నానూ ఉంటాను," అంది. మాంత్రికుడి వైపు తిరిగి, "ఏరా నీలిమొకమోడా, నీకు సలెయ్యదా?" అంది.

"చలి నా భార్య," అన్నాడు వాడు.

"పాపం దానికేటి కరమ!"

పోలన చెయ్యి లేచింది. ఆపుదామనుకున్నాడు. ఆగలేదు. ఆ చెయ్యి తనది కాదు, తాను రాసుకున్న మాటది. కుంచె కాగితం మీద నడిచింది. ముడతల మొహం, గద్దముక్కు, మొండి గడ్డం. పక్కవాటుగా, ఒక కన్ను. అతని జన్మలో అంత మంచి బొమ్మ వేయలేదు. వేస్తున్నకొద్దీ లోపల ఏదో తెగుతోంది. పక్కన జంగు పెదవి చివర ఎరుపు ఆవగింజంతకు వచ్చింది.

మొహం అయింది. ఇక అంచు. ఎడమ పైమూల నుంచి మొదలు. పైగీత, కుడిగీత. సిరా ఒంటి వెచ్చదనం పోయి చిక్కబడుతోంది. కిందిగీత సగంలో కుంచె బరుసెక్కింది. అప్పుడు పోలన చెయ్యి తనకు అలవాటైన పని చేసింది. కుంచెను నోటి దగ్గరికి తెచ్చింది. నోరు తెరుచుకుంది. హా అనాలి.

ఊపిరి లేదు. ఏమీ రాలేదు.

"ఏమిటా నాన్పుడు? మూయి!" అని గద్దించాడు హిమదంష్ట్రుడు. సిరాకు ఊపిరి వెచ్చదనం కావాలన్న సంగతి, ఊపిరి ఉంటే గదా వాడికి తెలియడానికి.

"దాసుడు పోలన," అన్నాడు పోలన. కుంచె మళ్ళీ కాగితం మీద పడింది. కిందిగీత ముగిసింది. ఎడమగీత పైకి లేచింది. పైమూలకు నువ్వుగింజంత దూరాన సిరా రాయి అయిపోయింది. కుంచె ఒట్టి వెంట్రుకలతో ఆ నువ్వుగింజంత చోటు మీదుగా జరిగి, మొదలుపెట్టిన మూలను ముట్టుకుని ఆగింది. చెయ్యి తన పని అయిందనుకుంది. కాగితం మీద అక్కడ గీత లేదు.

పోలన ఒంటికన్ను ఆ సందునే చూస్తోంది. రెప్ప వేయడం ఆ కంటికి రాదు.

హిమదంష్ట్రుడు కాగితం అందుకుని తుయ్యమ్మ మొహం ముందు ఆడించాడు. "చూసుకో, నీ చెర!" తుయ్యమ్మ చూసింది. ఆమె చూపు మొహం మీద ఆగలేదు. అంచు వెంట తిరిగింది. తిరిగి తిరిగి పైమూల దగ్గర ఒక్క క్షణం నిలిచింది.

వాడు గోడ వైపు తిరిగి కాగితాన్ని మంచులోకి అద్దాడు. అద్దగానే తుయ్యమ్మ బిగుసుకుపోయింది. చేతులు రెండూ పక్కలకు వాలి, మెడ నిక్కి, కట్టెలా నిలబడింది. "ఇక గడ్డ పట్టనీ. పట్టగానే బయటికి పిలుస్తాను," అంటూ హిమదంష్ట్రుడు నీలి అరచేతులతో పుటను గోడకు ఒత్తుతూ మంత్రం అందుకున్నాడు. వీపు వీళ్ళ వైపు ఉంది.

పోలన ఏడవలేదు. ఏడుపు ఆ బొమ్మలో లేదు. అతని కన్ను ముసలిదాని మీదే ఉంది. కోటు అంచు కింద ఆమె పాదం అంగుళమంత పక్కకు జరిగింది. దాని కింద ఎముక చాకు పిడి తెల్లగా బయటపడింది.

తర్వాత ఆమె మొహంలో అతను గీయని వైపున్న కన్ను, నిదానంగా, ఒక్కసారి మూసుకుని తెరుచుకుంది.